ఉత్తరపు గోడవార ఏడు పారలు

కన్నకూతురికి గొయ్యి తవ్విన రోజే, మధ్యాహ్నం మూడింటికి, పారమామ ఎవరిదో పెళ్లికి చర్చి గంట కొట్టాడు. కూతురికి కొట్టలేదు. కొట్టనివ్వలేదు.

పిల్లకి పదకొండు రోజులు. పుట్టిన మూడోనాడే వెళ్లి, బాప్తిస్మం ఇప్పించండయ్యా అని అడిగాడు. "వచ్చే నెల బిషప్పుగారు వస్తున్నారుగా, అందరి పిల్లలతో పాటే ఇప్పిద్దాం. తొందరేముంది?" అన్నారు అయ్యగారు. తొందర జ్వరానికి ఉంది. పిల్ల పోయాక అదే అయ్యగారు ప్రార్థన పుస్తకం తెరిచి, బాప్తిస్మం లేనివాళ్లకి సమాధి ప్రార్థన చదవకూడదన్న చోట వేలు పెట్టి చూపించారు. మామకి చదువు రాదు. వేలు చూసి తలూపాడు. ప్రాణం మీదికొస్తే ఇంట్లోవాళ్లే నీళ్లు పోసి బాప్తిస్మం ఇవ్వొచ్చన్న వెసులుబాటు అదే సంఘంలో ఉంది. ఆ ముక్క ఆయన చెవిన ఒక్కరూ వెయ్యలేదు. నలభై మూడేళ్లు మన చచ్చినవాళ్లందరికీ గోతులు తవ్వినవాడికి!

మన ఆంగ్లికన్ చర్చికి నూట యాభై ఏళ్లు నిండాయని కిందటేడు అందమైన పుస్తకం వేశారు. పదకొండుమంది గురువుల ఫొటోలున్నాయి. ఎవరి హయాంలో పైకప్పు మారిందో, ఎవరు గంట తెప్పించారో ఉంది. ఉత్తరపు గోడ సంగతి మాత్రం లేదు. బాప్తిస్మం కాకుండా పోయిన పసివాళ్లని ఆ గోడవారే పెట్టేవాళ్లు. రాయి ఉండకూడదు, సిలువ ఉండకూడదు, రిజిస్టరులో ఎక్కించకూడదు. గురువులు మారారు, ఆనవాయితీ మారలేదు. ఒకాయన మాత్రం లోపల కిటికీ దగ్గర నిలబడి తల వంచుకునేవాడట. "బయటికి రావడానికి రూలు ఒప్పుకోలేదు, కూర్చోడానికి మనసు ఒప్పుకోలేదు, పాపం" అనేవాడు మామ. జాలి కూడా ఆయనే పడాలి!

రాయి వద్దన్నారు కాబట్టి మామ పెంకు పెట్టాడు. పైకప్పు మార్చినప్పుడు పారేసిన పాత పెంకులు పోగేసుకున్నాడు. ఒక్కో గొయ్యి పూడ్చేటప్పుడు మూరెడు లోతులో ఒక పెంకు బోర్లించి, దాని మీద మట్టి కప్పేవాడు. ఎవరెక్కడున్నారో చేతిలోని పారతోనే కొలిచి గుర్తుపెట్టుకున్నాడు. అందుకే ఆయన్ని అందరూ పారమామ అన్నారు. వాననీటి గొట్టం దగ్గర్నుంచి గోడ వెంట ఏడు పారలు కొలిస్తే ఆయన కూతురు. తొమ్మిదో పార దగ్గర టైలరు కవలలు. పన్నెండో పార దగ్గర నర్సమ్మ కొడుకు. అలా నలభై ఒక్కమంది ఆయన నాలుక మీద ఉండేవాళ్లు.

"ఉప్పు తెమ్మంటే మర్చిపోతావు, ఇవి మాత్రం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తావు" అని పెళ్లాం దెప్పేది.

"ఉప్పు సంగతి చూడ్డానికి కొట్టువాడున్నాడే. వీళ్లకి నేనే కదా."

ఈ ఏడు ఆ జాగాలో ఫంక్షన్ హాలు కడదామని కమిటీ తీర్మానం చేసింది. అప్పుడు, అరవై ఎనిమిదేళ్ల వయసులో, మామ మొదటిసారి కమిటీ గదిలో నోరు విప్పాడు.

"అక్కడ పిల్లలున్నారయ్యా."

"రిజిస్టరులో లేరే?" అన్నాడు కార్యదర్శి.

"మీరు రాయలేదు కాబట్టి రిజిస్టరులో లేరు. మట్టిలో ఉన్నారు. ఒక్కొక్కరి మీద నేనే పెంకు బోర్లించాను."

"సరే మామా, ఒక్కరిని చూపించు. పెంకు తగిలిందా, హాలు ఆపేస్తాం. ఒక్క గొయ్యే సుమా!"

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా చుట్టూ మూగింది. మామ గొట్టం దగ్గర మొదలుపెట్టి ఏడు పారలు కొలిచాడు. మూరెడు తవ్వాడు. మోకాలి లోతు తవ్వాడు. మట్టి తప్ప ఏమీ లేదు. "పిల్లలు పక్కకి జరిగి పడుకున్నారేమో మామా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వారు. నవ్వినవాళ్లలో మనవాళ్లే ఉన్నారు, పేర్లు రాయను. మామ ఆ గొయ్యిని మళ్లీ పూడ్చి, అరచేత్తో చదును చేసి, ఇంటికి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున పెళ్లాం బట్టలు ఆరేస్తోంది. తీగ కిందికి జారకుండా ఆనించిన కర్ర మీద మామ చూపు పడింది.

"ఇదెక్కడిదే?"

"నీ పాత పార కర్రేగా! పిడి దగ్గర చీలిందని పదేళ్ల కిందట నువ్వు పారేస్తే నేను తెచ్చుకున్నా."

కొత్త కర్ర తెచ్చి పక్కన పెట్టాడు. కొత్తది నాలుగు వేళ్లు పొట్టి. గోడవార చివరి పిల్లని పెట్టింది పదిహేనేళ్ల కిందట. అంటే ఆయన నాలుక మీదున్న కొలతలన్నీ పాత కర్రవి, ఆదివారం కొలిచింది కొత్త కర్రతో. ఏడు పారలకి ఇరవై ఎనిమిది వేళ్లు తేడా. రెండు జానల మీద నాలుగు వేళ్లు. పసిపిల్ల గొయ్యి వెడల్పు అంతకంటే ఎక్కువ ఉండదు.

"పిల్ల జరగలేదే," అన్నాడు పెళ్లాంతో, "నేనే జరిగాను."

ఆ కర్ర భుజాన వేసుకుని కమిటీ దగ్గరికి వెళ్లాడు. "అడిగినప్పుడు చూపించలేకపోయావు. ఇప్పుడు రోజుకో కర్ర పట్టుకొస్తే ఎలా మామా?" అన్నారు. మర్నాడు వెళ్లాడు. ఆ పై వారం కూడా వెళ్లాడు. మూడో వారం, చర్చి మెట్ల మీదే, గుండె పట్టుకుని కూలబడ్డాడు.

ఆయనకి సమాధి ప్రార్థన చదివారు. రిజిస్టరులో పేరు ఎక్కించారు. గంట కొట్టడం మాత్రం ఎవరికీ సరిగ్గా చేతకాలేదు, మూడు మోతలకే తాడు చేతిలోంచి జారింది.

ఇప్పుడు గోడవార పునాదికి సున్నం గీతలు గీశారు. వాననీటి గొట్టం నుంచి పాత కర్రతో కొలిస్తే ఏడో పార దగ్గర గీత సరిగ్గా ఆ పిల్ల మీదుగా వెళుతోంది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సర్వసభ్య సమావేశం ఉంది. సంఘంలో పేరున్న ప్రతి ఒక్కరికీ ఓటుంది, కమిటీకి మాత్రమే కాదు. మీ ఇంట్లో ఏ అమ్మమ్మో, ఏ పెద్దమ్మో ఆ గోడ వైపు చూడకుండా చర్చిలోకి వెళ్తుంటే, ఎందుకో అడగండి. ఆమెని వెంటబెట్టుకు రండి. మామ పెళ్లాం బట్టల తీగ కింద నుంచి ఆ కర్ర తీసి పెట్టింది, తెస్తుంది. మరొక్క గొయ్యి తవ్వాలని మీరు చెయ్యెత్తండి. తవ్వడానికి నేను వస్తాను.