తప్పులు చేసుకునే గది

భీమవరం దాటి చెరువుల మధ్య రోడ్డు మీద పోతుంటే, మేత గోడౌన్లూ ఐసు ఫ్యాక్టరీలూ అయిపోయాక ఓ ఇంజనీరింగ్ కాలేజీ వస్తుంది. గేటు మీద పేరు ఎంత పెద్దదంటే, అంత పేరు పెట్టుకున్నాక లోపల చదువు లేకపోయినా ఫరవాలేదనిపిస్తుంది. ఆ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే శశిభూషణ్ తన ఉద్యోగంలో నోరు తెరిచి అడిగినది ఒక్కటే. అది ఓ గది.

అతనిది కోనసీమలో ఓ చిన్న పల్లె. తండ్రి శివాలయంలో అర్చకుడు. కార్తీకమాసం వచ్చిందంటే గుళ్ళో మైకు సెట్టు గరగరమని మొరాయించేది. దాన్ని విప్పి మళ్ళీ బిగించే పని శశిభూషణ్‌ది. ఎలక్ట్రానిక్స్ అతనికి అలా అంటుకుంది. కాకినాడలో ఎంటెక్ చేసి, మంచి ఉద్యోగం దొరికేదాకా అనుకుంటూ ఈ కాలేజీలో చేరాడు. నుదుటి మీద జుట్టు పల్చబడింది గానీ ఆ మంచి ఉద్యోగం మాత్రం దొరకలేదు. ఇలాంటివాళ్ళు డెల్టా అంతటా ఏ కాలేజీ స్టాఫ్‌రూంలో చూసినా కనిపిస్తారు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, పక్కవాడి కూరేమిటో చూసి, జీతం ఎప్పుడు పడుతుందో మాట్లాడుకుని మూత పెట్టేస్తారు.

అతన్ని మార్చింది కరోనా. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌కి పాఠం చెప్పమన్నారు. ఎలా చెప్పాలో ఎవరూ చెప్పలేదు. ఒకనాడు మైకు ఆపేసి ఉందని తెలియక గంటంతా పాఠం చెప్పాడు. బొమ్మలు గీశాడు, చేతులు తిప్పాడు, మధ్యలో జోకు వేసి తనే నవ్వాడు. పిల్లలు ఒక్కరూ చెప్పలేదు సరికదా, దాన్ని రికార్డు చేసి, వెనక ఓ విషాదగీతం తగిలించి అందరికీ పంచారు. కాలేజీ తెరిచాక అతను వరండాలో ఎదురైతే చాలు, వెనక బెంచీ వాళ్ళు శబ్దం లేకుండా పెదాలు ఆడించేవారు. అలా రెండు బ్యాచ్‌లు ఆడించాయి.

శశిభూషణ్‌కి పిల్లల మీద కోపం రాలేదు. ఈత నేర్పకుండా గోదాట్లోకి తోసినవాళ్ళ మీద వచ్చింది. డ్రైవింగ్ నేర్చుకునేవాడికైనా ఖాళీ గ్రౌండు చూపిస్తారు. మేస్టారికి మాత్రం మొదటి తప్పే అరవైమంది ముందు చెయ్యాలి. పైగా ఆ కాలేజీలో ప్రతి తరగతి గదిలోనూ కెమెరా ఉంది. చైర్మన్ పల్లంరాజు గారికి రొయ్యల మేత వ్యాపారం. ఆయన గోడౌన్లో కూర్చుని, రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూసుకునే ఫోన్లోనే మేస్టార్ల నోళ్ళు తిరుగుతున్నాయో లేదో కూడా చూసుకుంటారు.

అలాంటి చోట ఓసారి ఢిల్లీ నుంచి గుర్తింపు కమిటీ వస్తుందన్నారు. అధ్యాపకులు కొత్త బోధనా సాధనాలతో ప్రయోగాలు చేసుకోడానికి క్యాంపస్‌లో చోటుందా అన్నది వాళ్ళడిగే ప్రశ్నల్లో ఒకటి. ప్రిన్సిపాల్ సూర్యప్రకాశం గారు స్టాఫ్ మీటింగులో ఆ పని ఎవరు చూస్తారని అడిగితే అందరూ ఫోన్ల వైపు చూసుకున్నారు. శశిభూషణ్ చెయ్యెత్తాడు. ఒక్క షరతు పెట్టాడు, ఆ గదిలో కాలేజీ కెమెరా ఉండకూడదని. డ్రాయింగ్ హాలు వెనక పాత సామాను పడేసిన గదిదాకా ఎలాగూ కెమెరా వైరు వెళ్ళలేదు కాబట్టి ప్రిన్సిపాల్ గారు సరేనన్నారు.

విరిగిన బల్లలు బయటపడేసి, సున్నం కొట్టించి, మాట బయటికి పోకుండా గోడలకి తమ ఊరి కొబ్బరిపీచు చాపలు తెచ్చి బిగించాడు. నాలుగు కంప్యూటర్లు, చెవులకి పెట్టుకునే మైకులు, పెన్నుతో రాసే ట్యాబ్ ఒకటి, స్టాండు మీద ఓ చిన్న కెమెరా సమకూరాయి. వానాకాలంలో గదంతా తడిపీచు వాసన. తొలి నెలంతా ఎవరూ రాలేదు. కొత్తవి నేర్చుకోడానికి వెళ్తే పాతవి రావని ఒప్పుకున్నట్టవుతుందని అందరి భయం.

మొదట వచ్చింది, అతను కలలో కూడా అనుకోని మనిషి, లెక్కల నాగేశ్వరి గారు. మొగల్తూరు వైపు రైతు కుటుంబం ఆవిడది, తమ్ముడు రొయ్యల చెరువులు చేస్తాడు. రిటైర్మెంట్ దగ్గరపడింది. బోర్డు మీద సుద్దముక్కతో ఒక్క ఊపున వృత్తం గీస్తే కంపాస్ పెట్టినట్టుండేది. యంత్రాలంటే ఆవిడకి చులకనని అందరూ అనుకునేవారు. ఓ మధ్యాహ్నం క్యారేజీ చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశారు.

"ఇక్కడ కెమెరా లేదుగా బాబూ?"

"లేదండి. మనం పెట్టుకుంటేనే ఉంటుంది. పనయ్యాక రికార్డయింది తుడిచేసి వెళ్ళిపోతాం."

"నువ్వు చూడవా?"

"మీరు చూడమంటేనే చూస్తానండి."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నా తప్పులు నేను చేసుకోడానికి ఓ రూమూ, దానికో ఇన్‌ఛార్జీనా. బాగానే ఉంది మన కాలేజీ వైభోగం" అన్నారు.

ఆ సాయంత్రమే శశిభూషణ్ ఓ కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాడు. ఇక్కడ చేసినది చేసినవాళ్ళదే, బయటికి వెళ్ళేముందు తుడిచేయాలి అని. గదికి అదొక్కటే నియమం.

అప్పట్నుంచి నాగేశ్వరి గారు దాదాపు రోజూ వచ్చేవారు. ట్యాబ్ మీద ఆవిడ రాత వంకర్లు పోయేది. అంత గుండ్రటి సున్నా అక్కడ నలిగిన వంకాయలా వచ్చేది. తిట్టుకునేవారు, నవ్వుకునేవారు, మాగాయి అన్నం తింటూ మళ్ళీ గీసేవారు. ఆవిడ వస్తున్నారని తెలిసి మరో నలుగురైదుగురు ధైర్యం చేశారు. ఆ గదిలో అందరూ ఒకరినొకరు వెక్కిరించుకునేవారు గానీ ఎవరి మాటా గుమ్మం దాటేది కాదు. శశిభూషణ్‌కి ఉద్యోగంలో చేరాక ఉదయం బస్సెక్కాలనిపించిన రోజులు అవే.

ఓ సోమవారం ఆవిడ ఫోన్లో ఓ వీడియో పట్టుకొచ్చారు. తమ్ముడి చెరువులో తిరుగుతున్న ఏరియేటర్‌ది. చక్రానికున్న రెక్కల్లో ఒకదానికి ఎర్రరంగు వేయించారట. ఆ ఎర్రరెక్క పైకి లేచి కిందికి దిగుతుంటే, దాని ఎత్తుని వరసగా గుర్తుపెట్టుకుంటూ పోతే సైన్ వేవ్ వస్తుంది. పుస్తకంలో ఊరికే పరుచుకునుండే ఆ అల ఎక్కణ్ణించి పుడుతుందో, చెరువు గట్ల మీద పుట్టిపెరిగిన పిల్లలకి కళ్ళారా చూపించాలని ఆవిడ ఆశ. వీడియోని నెమ్మదిగా నడుపుతూ, పక్కనే పెన్నుతో చుక్కలు పెట్టాలి.

రికార్డింగ్ పెట్టుకుని మొదలుపెట్టారు. పెన్ను జారి కింద పడింది. వంగి తీసుకునేసరికి చెయ్యి తగిలి వీడియో మాయమైంది. "ఓరి దేవుడా, ఎక్కడికి పోయిందిది" అంటూ తెరంతా వెతికారు. దొరికాక చుక్కలు తప్పుగా పడ్డాయి. చెరిపారు, మళ్ళీ పెట్టారు. చాలాసేపటికి తెర మీద చుక్కలన్నీ కలిసి నెమ్మదిగా ఓ అల లేచింది. నీళ్ళలో మునిగిన భాగం దగ్గర మాత్రం అల తెగిపోయింది.

శశిభూషణ్ అయ్యో అనబోయాడు. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"ఆ కింద ముక్క నేను గియ్యను బాబూ. కనపడనిది ఎలా ఉంటుందో పిల్లల్నే గియ్యమంటాను. అదే పాఠం."

బస్సు హారన్ వినపడి ఆవిడ క్యారేజీ తీసుకుని పరిగెత్తారు. తుడిచెయ్ అని గుమ్మంలోంచే చెప్పారు. శశిభూషణ్ తుడవలేదు. తడబాట్లతో సహా అంత మంచి పాఠం తను ఎన్నడూ చూడలేదు. రేపు అడిగి దాచుకుందాం అనుకున్నాడు. మర్నాడు అడగలేదు. ఆ తర్వాత అడగడానికి మొహం చెల్లలేదు.

కమిటీ వచ్చింది. గుమ్మానికి పూలదండ కట్టారు. వచ్చినవాళ్ళు గదిలో నిలబడి ఫొటోలు దిగి, కొబ్బరిపీచు గోడల్ని తడిమి, భేష్ అని వెళ్ళిపోయారు. గుర్తింపు వచ్చింది. ఇక ఆ గదితో ఎవరికీ పనిలేదు.

వేసవి వచ్చేసరికి కాలేజీకి అడ్మిషన్ల జ్వరం పట్టుకుంది. ఇంటర్ రాసిన పిల్లల ఇళ్ళకి మేస్టార్లు ఫోన్లు చెయ్యాలి, మా కాలేజీలో చేర్పించండని బతిమాలాలి. పాఠాలు చెప్పడం కన్నా ఇక్కడ అదే అసలు ఉద్యోగం. పల్లంరాజు గారు ఓ పొద్దున్నే వచ్చి కాలేజీ అంతా తిరిగి, ఈ గదిలో ఆగారు. మైకులున్నాయి, కంప్యూటర్లున్నాయి, బయటి గోల వినపడదు. ఫోన్లు చేసుకోడానికి దీన్ని మించిన చోటు లేదన్నారు.

శశిభూషణ్ ఆయన ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఇక్కడ మేస్టార్లు చాలా నేర్చుకుంటున్నారని, ఈ ఒక్కటీ వదిలేయమని వేడుకున్నాడు. ఆయన చిరాకుపడలేదు, నిజానికి మర్యాదగానే అడిగారు.

"ఏం నేర్చుకున్నారో ఒక్కటి చూపించండి మాస్టారూ. నాక్కూడా తెలవాలి కదా."

చూపించడానికి ఏముంది? అన్నీ తుడిచేయడమే గది నియమం. తుడవనిది ఒక్కటే ఉంది. శశిభూషణ్ తలుపు వెనక కాగితం వైపు చూడకుండా ఆ వీడియో తెరిచాడు.

పల్లంరాజు గారు కుర్చీలో కూర్చుని చూశారు. పెన్ను పడింది. ఆవిడ వంగారు. వీడియో మాయమైంది. ఓరి దేవుడా అన్నారు. ఇంకాస్త ఆగండి సార్, ముందుంది అని శశిభూషణ్ అంటూండగా ఆయన ఫోను మోగింది. ఐసు ఫ్యాక్టరీలో ఏదో మోటారు ఆగిపోయిందట. ఆయన మాట్లాడుతూ లేచారు. గుమ్మం దగ్గర ఫోనుకి చెయ్యి అడ్డంపెట్టి వెనక్కి తిరిగారు.

"ఈవిడకి ఇంకెంత సర్వీసుందండి?"

జవాబు కోసం ఆగలేదు.

కొత్త టైంటేబుల్ వచ్చింది. నాగేశ్వరి గారి ఫస్టియర్ లెక్కలు ఎవరో కొత్త కుర్రాడికి ఇచ్చారు. ఆవిడ పేరు అడ్మిషన్ల విభాగంలో పడింది. ఎర్రరెక్క పాఠం ఆవిడ ఒక్క తరగతిలోనూ చెప్పనేలేదు. ఆ పాఠం ఫస్టియర్‌దే, కొత్త పిల్లలొచ్చాక చెబుదామని దాచుకున్నారు. సూర్యప్రకాశం గారు ఆవిణ్ణి పిలిచి, చైర్మన్ గారు మీ వీడియో ఏదో చూశారటండి, ఆ మెషిన్లతో మీరు బాగా ఇబ్బంది పడుతున్నారని పాపం ఆయనే బాధపడ్డారు అని ఓదార్చారట. ఈ సంగతి శశిభూషణ్‌కి స్టాఫ్‌రూంలో తెలిసింది. తర్వాత రెండు రోజులు కాలేజీకి వెళ్ళలేదు. జ్వరమని చెప్పాడు. ఆవిడ ఇంటికి ఫోన్ చెయ్యాలని పేరు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

మూడో రోజు వెళ్ళేసరికి గది మారిపోయింది. తలుపు వెనక కాగితం ఉన్నచోట పిల్లల తల్లిదండ్రులతో ఏం మాట్లాడాలో అచ్చువేసిన కాగితం ఉంది. మా కాలేజీలో మేస్టార్లు కొత్త పద్ధతులు నేర్చుకోడానికి ప్రత్యేక కేంద్రం ఉందని చెప్పాలట, అది అందులో మూడో మాట. గది మూలన కొత్త కెమెరా ఎర్రగా మెరుస్తోంది. ఎన్నాళ్ళనుంచో రాని వైరు రెండు రోజుల్లో వచ్చేసింది.

నాగేశ్వరి గారు తను రోజూ కూర్చునే కుర్చీలోనే ఉన్నారు. అతనికీ ఫోన్ల పని వేసి పక్క కుర్చీ కేటాయించారు. కూర్చున్నాడు. ఆవిడకి క్షమించండి అని చెప్పాలి. అదీ పైనున్న కెమెరా కింద చెప్పాలి. ఆవిడ ఓ ఫోన్ ముగించి, చెవుల మీది మైకు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అతని వైపు చూడలేదు.

"అల లేచేదాకా చూశారా ఆయన?"

శశిభూషణ్ అబద్ధం చెబుదామనుకున్నాడు. గోడకున్న పీచులోంచి ఓ పోగు లాగి వేలికి చుట్టుకున్నాడు.

"లేదండి. పెన్ను పడిన దగ్గరే ఫోనొచ్చింది. వెళ్ళిపోయారు."

ఆవిడ తలూపారు. ఆ ఒక్కటే తెలుసుకోవాలన్నట్టు, తెలిశాక ఇంకేమీ అక్కర్లేదన్నట్టు. మైకు మళ్ళీ చెవులకి తగిలించుకుని తర్వాతి నంబరు నొక్కారు. అవతల ఎవరో ఎత్తారు.

"నమస్కారమండి. భీమవరం ఇంజనీరింగ్ కాలేజీ నుంచి మాట్లాడుతున్నానండి. మీ బాబు ఇంటర్ రాశాడటగా."

తడబడకుండా, ఎక్కడా ఆగకుండా మాట్లాడుతున్నారు. ఆవిడ గొంతు పీచు గోడల దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతోంది.