గ్యాస్ లైటు మోసింది మా తాత కాదు

ఆటలో మనిషితోపాటు నడిచే ఆ దీపాన్ని చేసింది నేను కాదు. దాని వెనక ఉన్న ఉపాయం మా తాతదీ కాదు. ఈ రెండు మాటలూ చెప్పవలసిన చోటల్లా చెప్పకుండా పన్నెండేళ్ళు గడిపేశాను. పోయిన నెల రాయచోటిలో ఒక కాలేజీవాళ్ళు తమ విద్యార్థులతో మాట్లాడమని పిలిచి, ఆహ్వానపత్రంలో నా పేరు కింద ‘తాత మోసిన దీపాన్ని కంప్యూటర్ ఆటలోకి తెచ్చినవారు’ అని అచ్చువేయించారు. ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నప్పుడు, కనీసం నా ఈడువాళ్ళకైనా జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలనిపించింది.

అప్పట్లో నేను కడపలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో జావా చెప్పేవాణ్ణి. అలాంటి కేంద్రాలు మీకు గుర్తుండే ఉంటాయి. మేడమీద ఇరుకు గది, మెట్ల దగ్గరే విడవవలసిన చెప్పులు, కరెంటు పోగానే కీచుమని మొత్తుకునే యూపీఎస్. నాతోపాటు డీటీపీ, టాలీ నేర్పే ఒకావిడ ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్ద కాబట్టి అక్కా అని పిలిచేవాణ్ణి. తన క్లాసు అయిపోగానే వచ్చి నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని, నేను ఎవరికోసమో చెబుతున్న జావా అంతా ఆమె నేర్చేసుకుంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు కొట్టీకొట్టీ విసుగు పుట్టిందని, ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలోకి పోవాలని ఉందని, ఇంజనీరింగు చదవనిదాన్ని ఎవరైనా తీసుకుంటారా అని అడుగుతుండేది. చేసి చూపించడానికి ఏదైనా ఒకటి ఉంటే తీసుకుంటారని చెప్పింది నేనే.

దిమ్మెలతో ఒక లోకాన్ని కట్టుకునే ఆట మా కేంద్రంలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. కొండలు తవ్వుకోవచ్చు, ఇళ్ళు కట్టుకోవచ్చు, గెలుపూ ఓటమీ అంటూ లేవు. ముప్పై దాటినవాణ్ణి, నాకూ దాని పిచ్చి పట్టింది. అందులో కాగడాలు ఉండేవి గాని, గోడకో నేలకో గుచ్చితేనే వెలిగేవి. చేతిలో పట్టుకుంటే వట్టి కట్టెలే. గనిలో దిగి నాలుగడుగులు వేస్తే మళ్ళీ చీకటి. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ నేను ఆడుతుంటే, వెనక నిలబడి చూసిన అక్కకు నవ్వొచ్చింది.

“ఏమప్పా, ఇదేం దీపం? గోడకు అంటుకొని కూచుంటాది. మనిషి నడుస్తాంటే అది గూడా నడవాల గదా!”

“ఆట చేసినోళ్ళు అట్ల పెట్టినారక్కా.”

“వాళ్ళూర్లో పెండ్లి ఊరేగింపులు ల్యావేమో, పాపం.”

ఆమె అలా అనడానికి కారణం ఉంది. వాళ్ళ నాన్న, ఆమె పిలుపులో ‘అబ్బా’, గ్యాస్ లైట్లు అద్దెకిచ్చిన మనిషి. కింద కిరోసిన్ నింపే గుండ్రటి ఇత్తడి బుడ్డి, పక్కన గాలి కొట్టే పంపు, తెల్లగా మండే మాంటిల్, పైన రేకు టోపీ ఉండే ఆ లైట్లను పెళ్ళిళ్ళకూ, పీర్ల పండుగకూ, ఒంటిమిట్ట తిరునాళ్ళకూ ఇవ్వడమే కాదు, తానూ తలమీద పెట్టుకుని మైళ్ళకు మైళ్ళు నడిచాడు. జనరేటర్లు వచ్చాక ఆ పని పోయింది. లైట్లు మాత్రం వాళ్ళ వసారా దూలానికి వరసగా వేలాడుతుండేవి, ఆయన శుక్రవారం శుక్రవారం వాటిని చింతపండుతో తోమేవాడు.

జావాలో రాసిన ఆ ఆటకు ఎవరైనా తమ ప్రోగ్రాము ముక్క రాసి అతికించుకునే వీలుండేది. చేతి దీపం కోసం నేను మూడు వారాలు తంటాలు పడ్డాను. మనిషి నిలబడ్డచోట కంటికి కనపడని దీపం ఒకటి పెట్టడం, అతను అడుగు వేయగానే దాన్ని తీసేసి కొత్త చోట మరొకటి పెట్టడం, ఇదీ నా పద్ధతి. అడుగడుగుకూ ఒక్క క్షణం చీకటయ్యేది. చుట్టుపక్కల వెలుగంతా మళ్ళీ మళ్ళీ లెక్క కట్టలేక మా పాత కంప్యూటరు బిగుసుకుపోయేది. నేను వదిలేశాను. అక్క మాత్రం ఇంటికి పోయి వాళ్ళ నాన్నను అడిగింది. ఊరేగింపులో ముందు లైటు మోసేవాడు ముందుకెళ్ళి కుదురుగా నిలబడేదాకా వెనక లైటు కదలకూడదట, కదిలితే మధ్యలో నడిచేవాళ్ళు చీకట్లో పడతారట, అదీ అడుగడుగుకూ కాకుండా కొంత దూరం నడిచాకే కదలాలట.

“ముందు పెట్టి, ఆ తర్వాత తియ్యాల. నువ్వు తీసినాక పెడతాండావు. మా అబ్బా నీ పని చూసింటే ఊరేగింపులోంచి తరిమేసుండేవాడు.”

నా కుర్చీలో కూర్చుని రెండు మధ్యాహ్నాల్లో రాసేసింది. కొత్త దీపం వెలిగాకే పాతది ఆరేటట్టు, అదీ మనిషి మూడు దిమ్మెలు దాటాకే మారేటట్టు. గనిలోకి దిగాం, వెలుగు ఎక్కడా తెగకుండా మాతోపాటు వచ్చింది. దీపానికి బొమ్మ కూడా ఆమే గీసింది, రేకు టోపీతో సహా. నేను చేసిందల్లా చిన్న తప్పులు రెండు దిద్దడం.

ఇలాంటివి అందరికీ పంచే వెబ్‌సైటులో ఖాతా నాది. “నా పేరు గూడా ఏస్తావు గదప్పా?” అంది. “ఏస్తాలేక్కా” అన్నాను. పెట్టిన రోజు ఆమె లేదు, నాన్నను ఆసుపత్రికి తీసుకుపోయింది. చేసినవారి పేరు అన్న గడిలో నా పేరు ఒక్కటే కొట్టాను. తర్వాత కలుపుదామనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గాని, దానికి అరనిమిషం చాలు. ఎక్కడెక్కడి వాళ్ళో మెచ్చుకుంటూ రాస్తుంటే జవాబులిచ్చుకుంటూ కూర్చున్నాను. ఆమె రెండుసార్లు గుర్తుచేసింది, మూడోసారి చేయలేదు.

ఆ దీపం చూసి బెంగుళూరులో ఒక కంపెనీవాళ్ళు నన్ను ఉద్యోగానికి పిలిచారు. ముందు పెట్టి తర్వాత తీయాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. మా తాత గ్యాస్ లైట్లు మోసేవాడని చెప్పాను. మా తాత ఆలూరు దగ్గర కొర్రలూ శనగలూ పండించుకున్న రైతు, గ్యాస్ లైటు ఎత్తినట్టు నేను ఎన్నడూ వినలేదు. కాని అక్క నాన్న అని చెబితే అక్క ఎవరు, ఆమె ఏం చేసిందని అడుగుతారు. అందుకని తాత. ఆ కథ వాళ్ళకు నచ్చి తమ వెబ్‌సైటులో కూడా వేసుకున్నారు. నేను కడప విడిచేటప్పుడు ఆమె, “పోయిరా అప్పా, ఆడ నాకు గూడా ఏమన్నా ఉంటే చెప్పు” అంది. ఇలాంటి పని తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని ఆ ఏడాదే కంపెనీవాళ్ళు నన్ను అడిగారు. ఎవరూ లేరన్నాను.

రాయచోటి సభలో నేను లేచి, ఆ దీపం నాది కాదని, ఆ తాత కూడా నా తాత కాదని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంతటి వినయం ఈ రోజుల్లో అరుదని అధ్యక్షులవారు శాలువా కప్పారు. దాన్ని సంచిలో కుక్కుకుని కడప బస్సెక్కి, దారిలోనే ఫోనులో ఆ పాత పేజీ తెరిచి నా పేరు తీసేసి అక్క పేరూ వాళ్ళ నాన్న పేరూ వేశాను. ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళు కూడా పెద్దగా లేరు; ఆటే మారిపోయింది. మా కేంద్రం ఉన్న మేడ కింద సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. పెళ్ళి ఊరేగింపులకు బండి మీద రంగు లైట్లు వస్తున్నాయి. ఎవరి దీపం వాళ్ళ జేబులో ఉన్న రోజుల్లో వెనకవాడి కోసం నిలబడే పని ఎవరికీ లేదు.

అక్క ఇంటి ముందు గదిలోనే జిరాక్సు, డీటీపీ షాపు పెట్టుకుంది. కళ్ళద్దాల మీదుగా చూసి, “ఏమప్పా, దారి తప్పినావా?” అంది. నిలబడే చెప్పడం మొదలుపెట్టాను. ఆమె పెళ్ళి కార్డు కొడుతూనే వింది.

“పేరు ఏయలేదని నాకు అప్పుడే తెలుసు. దానికి ఏడ్చేదేదో ఏడ్చేసినా. మా అబ్బాను తీసకపోయి మీ తాతను చేసినావు సూడు, అది గూడా చదివినా. అబ్బా అప్పటికి బతికే ఉండె. ఆయనకు చెప్పలా నేను.”

ఆయన పోయి ఆరేళ్ళయిందట. ఆమె లేచి లోపలి గది తలుపు తీసింది. “నాకు గాదు. మా అమ్మ ఉండాది, ఆమెకు చెప్పు.”

పెద్దావిడ మంచం మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తోంది. ఎవరప్పా అంది. కంప్యూటర్ అంటే ఏమిటో, ఆట అంటే ఏమిటో, అందులో మీ ఆయన లైటు ఎలా చేరిందో నాకు వచ్చిన మాటల్లో చెప్పాను.

“ఆటలో లైటా? అది మండుతాదా?”

“మండదమ్మా, ఉత్త వెలుగు.”

“మరి దానికి నువ్వు ఈడికొచ్చింది ఎందుకు?”

అక్క తలుపు పట్టుకుని నిలబడే ఉంది. నేను నేలమీద కూర్చున్నాను.

“అమ్మా, ఆయన లైటు మోసే తీరు ఎరిగి మీ బిడ్డ ఆ పని చేసింది. నేను చేసినట్టు పేరు పెట్టుకున్నా. అడిగినోళ్ళకు మోసింది మా తాత అని అబద్ధం చెప్పినా. మీ బిడ్డకు రావాల్సిన ఉద్యోగం గూడా రానీలేదు. తెలిసే చేసినా. మీరిద్దరూ నన్ను మన్నించాల.”