గాజు గదికి తాళం

"గంట మోగింది, చూడవే."

"నా చేతులకి సబ్బుంది, మీరే చూడండి."

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివే. ఏదన్నా మంచి మాట అనుకునుంటే చెప్పుకోడానికి బాగుండేది. ఏం చేస్తాం, రోజూ అనుకునేదే ఆరోజూ అనుకున్నాం. ఆయన లేచాడు, కౌంటర్ దాటాడు, తలుపు దాకా పోలేదు. అద్దం పక్కనే కూలబడ్డాడు. అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయింది.

ఇది రాస్తున్నది మా ఆడపడుచు కూతురు. నాకు సంతకం వరకే వచ్చు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నా, సొంత తెలివి కలపొద్దన్నా.

మా గ్యాస్ స్టేషన్, అదే పెట్రోలు బంకు, నేపర్‌విల్ దాటి ఇంకా పడమరగా పోతే మొక్కజొన్న చేల మధ్య చిన్న ఊళ్ళో ఉంది. యాభైల్లో కట్టారంట. మేం కొనేటప్పటికే ముసల్ది. గోడకి ఇటుక కనపడదు. పాతకాలం పింగాణీ పూత గిన్నెలుంటాయే, అట్లాంటి పూత పూసిన తెల్ల రేకులు బిగించారు. చల్లటి రోజున చెయ్యేస్తే వేళ్ళు అతుక్కుంటాయి. పంపుల మీద చదునుగా పెద్ద కప్పు, కొంగ ఒంటి రెక్క చాచినట్టు. ఒక పక్క కార్లు బాగుచేసే షెడ్డు. బాత్రూం తలుపులు వెనకాల, బయటినుంచే. ముందున్న గది మూడు వైపులా గాజే. ఆ అద్దాలు కూడా నిటారుగా ఉండవు, పైన ముందుకి వంగి ఉంటాయి, మన మొహంలోకి తొంగి చూస్తున్నట్టు. నేల మీద రబ్బరు గొట్టం పరిచుంటుంది. కారు దాన్ని తొక్కితే లోపల గంట మోగుతుంది.

మనం ఇల్లు కట్టుకుంటే లోపలిది బయటికి కనపడకూడదని కట్టుకుంటాం. వీళ్ళు తిరగేసి కట్టారు. లోపలున్న మనిషి రోడ్డంతటికీ కనపడాలి. అందుకే కట్టారు దాన్ని.

ఆయన పోయింది సాయంత్రం ఆరు దాటాక. మా మరిది ఇండియా నుంచి వచ్చిన గోడ క్యాలెండర్ తీసి వేలుపెట్టి చూశాడు. "వదినా, రేవతి నక్షత్రం. రాత్రి దాకా ఉంది. మంచిది కాదు. మూడు నెలలు పాడుపెట్టాలి. లోపల దీపం కూడా వద్దు" అన్నాడు. మామూలుగా అయితే మనిషి పోయిన చోట పది రోజులు దీపం పెడతాం. అది లేదు. షెడ్డు షట్టర్లు దించి, పైపులు గడ్డకట్టకుండా హీటర్ మాత్రం సన్నగా ఉంచి, తాళం వేసి తాళంచెవి మా మరిదే పట్టుకుపోయాడు. నేను రోడ్డుకి ఇవతల మా అద్దె ఇంట్లో ఉండిపోయా.

పాడుపెట్టిన ఇల్లంటే చీకట్లో ఉండాలి. ఇది ఉండదు. పొద్దు వాలితే పంపుల మీద లైట్లు వాటంతటవే వెలుగుతాయి. ఆ వెలుగంతా ఖాళీ గాజుగదిలోకి పోయేది. వంటింటి కిటికీలోంచి చూస్తే కౌంటర్, కుర్చీ, ఆయన స్వెట్టర్, అన్నీ పెట్టినవి పెట్టినట్టే. సిగ్నల్ తప్పించుకోడానికి ఎవరో ఒకరు మూలనున్న మా పంపుల మధ్యనుంచి అడ్డంగా పోతారు కదా, అప్పుడు లోపల గంట మోగేది, మా వంటింటిదాకా వినపడేది. తాళం వేసిన చోట గంట మోగితే ఎట్లా ఉంటుందో మీకు తెలీదు. నేను సబ్బు చేతులతో నిలబడిపోయేదాన్ని.

చలి ముదిరాక అద్దాలకి లోపల తేమ పట్టింది. గదంతా పాలు పోసినట్టు తెల్లబడింది. ఒక్కచోట పట్టలేదు. మనిషి మొహమంత గుండ్రంగా, మా ఆయన నిలబడితే ఎంత ఎత్తు ఉంటుందో అంత ఎత్తులో. రోజూ చూశాను. అది పూడలేదు.

ఈ పిల్లని పిలిచి చూపించా. "అక్కడ హీటర్ గాలి తగులుతుందేమోలే అత్తయ్యా" అంది. కానీ ఆ కిటికీ దగ్గర మళ్ళీ కూర్చోలేదు.

అందుకే ఒకతను వచ్చి ఇది కొనుక్కుని, కూలగొట్టి కాఫీ కొట్టు కట్టుకుంటానంటే తలూపాను. చెడ్డ చోటు, పోతే పీడా పోతుంది అనుకున్నా. సంతకం పెట్టాల్సిందొక్కటే మిగిలింది.

ఈలోపు మాసికానికి గుడికి పోయాం. పంతులుగారు తిథి కట్టడానికి ఏ టైంకి పోయారమ్మా అని అడిగారు. చెప్పాను. ఫోన్‌లో చూసి, "ఇక్కడ సాయంత్రం ఆరంటే ఇండియాలో తెల్లారిపోయిందమ్మా. రేవతి వెళ్ళిపోయింది. అశ్విని. ఏ దోషమూ లేదు" అన్నారు. మా మరిది పక్కనే ఉన్నాడు, తల దించుకున్నాడు.

కార్‌లో అడిగా. "అక్కడున్న మీ అత్తగారికి ఫోన్ చేసేటప్పుడు టైం లెక్క బాగానే వస్తుంది కదయ్యా నీకు?"

"కంగారులో చూశాను వదినా."

"మీ అన్న ఇక్కడ పోయాడు. నువ్వు అక్కడి క్యాలెండర్లో ఇక్కడి గంట చూశావు."

అతన్ని తిట్టి ఏం లాభం. నా బాధ వేరే. ఆయనకి దోషం లేదు. ఉత్తపుణ్యానికి లేని దోషం అంటగట్టి, దీపం లేకుండా లోపలపెట్టి తాళం వేశాం. ఆయన అట్లా నిలబడి ఎన్ని సాయంత్రాలు మా కిటికీ వైపు చూశాడో.

ఇంటికి కూడా పోకుండా అక్కడే ఆపమన్నా. తాళంచెవి అడిగి తీసుకున్నా. లోపల చల్లగా, ఆయిల్ వాసన. ఆ గుండ్రం దగ్గరికి పోయా. హీటర్ అక్కడ లేదు, అవతలి మూలుంది. మునివేళ్ళ మీద లేచి కన్ను పెట్టా. మా వంటింటి కిటికీ తప్ప ఇంకేమీ కనపడలేదు. మాతోపాటు కారులో వచ్చిన ఈ పిల్ల నా వెనకాలే నిలబడింది. నాకు భయం వెయ్యలేదు. ఆయన కూలబడ్డ చోట దీపం పెట్టా, ఆలస్యమైనా.

కొనేవాడొస్తే అమ్మనన్నా. ఎందుకు అన్నాడు. మనిషున్న ఇల్లు కూలగొడతారా అని అతని భాషలో ఎట్లా చెప్పాలో నాకు తెలీదు. "నో" అన్నా, తల అడ్డంగా ఊపా. సోమవారం నుంచి షట్టర్లు ఎత్తి మళ్ళీ కొట్టు తెరుస్తున్నా.

ఇక చాలమ్మా. గొంతు పోయింది. నువ్వేమన్నా మార్చావో లేదో, మొదట్నుంచీ ఒకసారి చదువు, వింటా.