పై గుప్పెడు

మా కొట్లో స్టీలు సామాను కేజీల లెక్కన అమ్ముతాం. బిందెయినా గరిటెయినా కాటా ఎక్కాల్సిందే. విజయవాడ వన్ టౌన్‌లో ముప్పై ఏళ్ళుగా నాకిదే పని. గంగాళాన్ని దూరం నుంచి చూసి ఎన్ని కేజీలుంటుందో చెప్పేస్తానని కాస్త గర్వం కూడా ఉండేది. అలాంటివాణ్ణి, నా బరువెంతో తెలుసుకోకుండా ఇన్నేళ్ళూ దర్జాగా తిరిగాను.

కిందటేడు పాత కాటా పాడైపోతే కొత్తది తెప్పించాం. బిగించడానికి వచ్చినాయన పని పూర్తిచేసి, "ఒకసారి ఎక్కండి సార్, చూద్దాం" అన్నాడు. ఎక్కాను. తొంభై నాలుగు చూపించింది.

"ఇదేదో తప్పు చూపిస్తోంది, సరిచెయ్యండి" అన్నాను.

ఆయన రెండు ఇరవై కేజీల రాళ్ళు తెచ్చి దానిమీద పెట్టాడు. సరిగ్గా నలభై చూపించింది. కాటా బాగానే ఉంది.

ఆ వారమే మా ఆవిడా నేనూ భవానీపురంలో మా ఇంటి దగ్గరి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులని వెళ్తే ఆయన ఇద్దరికీ రక్త పరీక్షలు రాశాడు. ఇద్దరికీ షుగర్ బోర్డర్‌లో ఉంది. "మూడు నెలలు టైమిస్తాను. తిండి తగ్గించండి, నడవండి. అప్పటికీ దిగకపోతే మాత్రలు మొదలుపెడదాం" అన్నాడాయన. మాత్రలు అనగానే మా ఇద్దరికీ గుర్తొచ్చింది మా అమ్మే. ఆవిడకీ మాత్రలతోనే మొదలైంది. తర్వాత ఇన్సులిన్, తర్వాత చూపు పోవడం. చివరి రెండేళ్ళూ పళ్ళెంలో ఏముందో వేళ్ళతో తడిమి తెలుసుకునేది. ఆ రెండేళ్ళూ పూటపూటా సూది వేసింది మా ఆవిడే. నేను ఆ టైముకి ఏదో పనున్నట్టు వరండాలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

అందుకే ఈసారి గట్టిగా పట్టు పట్టాం. రాత్రి పూట అన్నం మానేసి రెండు పుల్కాలు, కూర. నెయ్యి చెంచా చిన్నదయింది. గడ్డపెరుగు మజ్జిగయింది. ఆవకాయని ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు, దాన్ని అలాగే ఉంచుకున్నాం. మధ్యాహ్నం మాత్రం నాకు క్యారేజీ వస్తుంది. మా వీధిలో క్యారేజీలన్నీ పోగుచేసి వన్ టౌన్ కొట్లకి చేరవేసే ఆటో ఆయన ఒకాయన ఉన్నాడు. పన్నెండింటికి ఇంటి దగ్గర తీసుకుని పన్నెండున్నరకి కొట్లో దించుతాడు.

క్యారేజీ చూడగానే నాకో ఆలోచన వచ్చింది. చేతిలో కాటా పెట్టుకుని అంచనాలెందుకు? ఖాళీ గిన్నె బరువెంతో నాకు తెలుసు, అది మా కొట్లోదే. మొదటిరోజు అన్నం గిన్నె తూచి, ఖాళీ బరువు తీసేశాను. అన్నమే ముప్పావు కేజీ ఉంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. మూత తీసి చూస్తే పైకి మామూలుగానే కనిపిస్తోంది. చెంచా గుచ్చితే దిగలేదు, అంతలా అదిమి ఉంది. రోజూ అదంతా నేనే తింటున్నానా అని కాసేపు దానివంక వింతగా చూస్తూ కూర్చున్నాను.

ఇంటికెళ్ళి అన్నం మూడో వంతు తగ్గించమన్నాను. మర్నాటి నుంచి తగ్గింది. కాటా సాక్షిగా తగ్గింది. మొదటి వారం మూడింటికల్లా ఆకలి వేసి బేరానికి వచ్చినవాళ్ళ మీద చిరాకు పడేవాణ్ణి. తర్వాత ఆ ఆకలిని గమనించడం అలవాటైంది. అది వస్తుంది, కాసేపు అల్లరి చేస్తుంది, ఎవరూ పట్టించుకోకపోతే పోతుంది. ఇన్నేళ్ళూ అది రాగానే పునుగుల పొట్లంతో మర్యాద చేసి కూర్చోబెట్టింది నేనేనని అప్పుడు తెలిసింది.

పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడక. మా కొట్టు పక్కనే గాజుల హోల్‌సేల్ వ్యాపారం చేసే సాయిబుగారు నాకు తోడు. పాతికేళ్ళ స్నేహం. ఆయన్ని నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు. ఆయనా నాలాగే బొద్దు మనిషి. ఘాట్ దగ్గర మొదలుపెట్టి, ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ కరెంటు కేంద్రం గొట్టాల పొగ కనిపించే మలుపు దాకా వెళ్ళి వెనక్కొస్తాం. మొదట్లో నడక అయ్యాక చెరో ప్లేటు నెయ్యి ఇడ్లీ తినేవాళ్ళం. పది రోజులు అలా నడిచాక నా బరువు అరకేజీ పెరిగింది. ఆ రోజుతో ఆ హోటల్ వైపు వెళ్ళడం మానేశాం. ఆయనకి మాత్రం అటు తలతిప్పి చూసే అలవాటు ఇంకా పోలేదు.

రెండు నెలలకి ఆరు కేజీలు తగ్గాను. బెల్టుకి కొత్త కన్నం పొడిపించాను. ఆ సంగతి చెప్తే భాయ్ నడుస్తున్నవాడల్లా ఆగి, నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"అన్నా, నాకో డౌటు. ఆ ఆరు కేజీలు ఎటు పోయినట్టు?"

"ఎటు పోవడమేంటి భాయ్? తగ్గాయి."

"తగ్గాయంటే ఎట్లా? నీ కొట్లో ఆరు కేజీల సరుకు తగ్గితే, తగ్గిందిలే అని ఊరుకుంటావా? ఎక్కడికి పోయిందో వెతకవూ?"

ఇద్దరం నవ్వుకున్నాం. చెమటలో పోయి ఉంటుందని నేను, ఊపిరిలో పోతుందని ఎక్కడో విన్నానని ఆయన, ఘాట్ దాకా వాదించుకుంటూ వచ్చాం. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి మా ఆవిడ అద్దం ముందు నిలబడి, "జాకెట్లు బిగుతైపోతున్నాయండీ" అంది. "టైలరు బట్ట కొట్టేసుంటాడు" అన్నాను. నా బెల్టు కన్నం ఆనందంలో నేనున్నాను.

మూడు నెలలు గడిచాయి. మళ్ళీ పరీక్షలు. నా షుగర్ బోర్డర్ దిగువకి వచ్చేసింది. డాక్టరుగారు భుజం తట్టాడు. తర్వాత మా ఆవిడ కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశాడు. ఆవిడది పెరిగింది. బరువు కూడా నాలుగు కేజీలు పెరిగింది. "ఇంకొక్క నెల చూద్దామమ్మా. తగ్గకపోతే ఇక మాత్ర తప్పదు" అన్నాడు.

ఆటోలో ఇంటికి వస్తుంటే ఆవిడ అంది: "అత్తయ్యగారికి నేనున్నాను. రేపు నాకు సూది వెయ్యాల్సొస్తే ఎవరున్నారండీ?"

"నేను లేనా?"

"మీరా? సూది కనిపిస్తే తల తిప్పేసుకుంటారు మీరు."

నిజమే. సిగ్గేసింది.

ఇద్దరిదీ ఒకే వంట. ఆవిడా సాయంత్రం డాబా మీద అరగంట నడుస్తోంది. మరి ఒకరు తగ్గి ఒకరు పెరగడమేంటి? ఏం తింటున్నావని అడిగితే "మీరు తిన్నదే" అంటుంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. నాకది అనుమానంగా కాక, తూకం కలవని సరుకులా అనిపించింది. రోజంతా కొట్లో అదే ఆలోచన.

నాలుగు రోజుల తర్వాత కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి, ఒంటిగంటన్నరకి దానికోసం వచ్చాను. మా ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని భోంచేస్తోంది. నేను చూస్తుండగానే పళ్ళెంలో అన్నం అయిపోయింది. గిన్నె వంచి, గరిటెతో గీకి, మిగిలినదంతా మళ్ళీ వడ్డించుకుంది. అది తక్కువేం కాదు. ఆవిడ ముఖంలో ఆకలి లేదు. పని పూర్తిచేస్తున్నట్టు తింటోంది.

"అంత తింటున్నావేంటి?"

ఉలిక్కిపడింది. "మిగిలిందండీ. పారేస్తామా?"

"రోజూ మిగులుతోందా?"

"మీరు తగ్గించారు కదా, మరి మిగలదూ? రాత్రికి అన్నం మానేశాం. చద్దన్నం తినేవాళ్ళు లేరు."

"మరి తక్కువ వండొచ్చుగా!"

"నేనేం ఎక్కువ వండానండీ? ఇద్దరికి ఒక డబ్బా, పైన గుప్పెడు. ఎప్పుడూ వండేదే."

"పైన గుప్పెడేంటి?"

ఆవిడ నావంక జాలిగా చూసింది. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంటి అన్నం తింటూ ఈ మాత్రం తెలియదా అన్నట్టు. ఎడంచేత్తో బియ్యం డబ్బా చూపించింది. "కొలిచాక పైన ఇంకో గుప్పెడు వెయ్యాలి. ఎవరైనా వస్తే వాళ్ళకి. కాపురానికొచ్చిన మొదటిరోజే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని వేయించారు. చూపు పోయాక కూడా డబ్బా తడుముకుంటూ వచ్చి, వేశావా అమ్మాయ్ అని అడిగేవారు."

"ఇప్పుడెవరొస్తున్నారు?"

"ఇదివరకు వచ్చేవాళ్ళు. ఊళ్ళో పనుండి మీ పల్లె నుంచి ఎవరో ఒకరు దిగేవాళ్ళు కాదూ? ఇప్పుడు అందరూ ఫోన్ చేసి వస్తున్నారు. హోటల్లో తినేసి వస్తున్నారు. అందుకే ఆ గుప్పెడూ మీ క్యారేజీలో అదిమి పెట్టేదాన్ని. మీరు వద్దన్నాక నేను తింటున్నా."

ఒక చిన్న గిన్నెలో ఆవిడ చేత్తోనే ఒక గుప్పెడు బియ్యం పోయించుకుని, కొట్టుకి తీసుకెళ్ళి చిన్న కాటా మీద తూచాను. వండితే ఎంతవుతుందో లెక్క కట్టాను. నేను క్యారేజీలో తగ్గించుకున్న అన్నం కాస్త అటూ ఇటూగా అంతే. అంటే ఇన్నేళ్ళూ ఎవరో వస్తారని వండింది నేను తిన్నాను. రాని చుట్టాన్ని పొట్టలో పెట్టుకుని మెట్లెక్కాను, మోకాళ్ళ నొప్పులని ఏడ్చాను. మూడు నెలల నుంచి ఆ చుట్టాన్ని మా ఆవిడ మీదికి దించి, నేను బెల్టు కన్నాలు చూసుకుంటున్నాను. రోజూ క్యారేజీ తూచినవాణ్ణి, ఇంట్లో గిన్నె సంగతి ఒక్కసారి ఆలోచించలేదు. భాయ్ అడిగిన ఆరు కేజీల్లో నాలుగు ఎక్కడున్నాయో తెలిసిపోయింది.

ఆ రాత్రి గుప్పెడు మానేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్నాక కూడా బియ్యం పోసేటప్పుడు ముఖం అదోలా పెట్టేది.

సరిగ్గా ఆ వచ్చిన ఆదివారం, ఒంటిగంటకి, మేం పళ్ళేలు పెట్టుకుంటుండగా గుమ్మంలో భాయ్. చేతిలో వాళ్ళ అమ్మాయి పెళ్ళి కార్డు.

"పొద్దున నడకలో ఇవ్వొచ్చుగా భాయ్" అన్నాను.

"రోడ్డు మీద ఇచ్చేదా అన్నా ఇది? ఇంటికొచ్చి చెల్లెమ్మ చేతికివ్వాలి."

"ముందు భోజనానికి కూర్చోండి అన్నయ్యగారూ" అంది మా ఆవిడ. ఆ మాట ఆవిడ నోటినుంచి దానంతటదే వచ్చింది. వచ్చాక వంటింట్లోకి వెళ్ళి నిలబడిపోయింది. నేను వెనకే వెళ్ళాను. గిన్నెలో సరిగ్గా ఇద్దరి అన్నం. ఆవిడ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

ఉన్నదాన్ని మూడు పళ్ళేల్లో సర్దింది. పప్పు, బెండకాయ వేపుడు. భాయ్ కబుర్లు చెప్తూ తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యింది. మా ఇళ్ళలో అప్పుడు గరిటెతో రెండోసారి రావాలి, వద్దంటున్నా వెయ్యాలి. మా ఆవిడ ఖాళీ గరిటె పట్టుకుని, "మారు వడ్డించడానికి లేదు అన్నయ్యగారూ" అంది.

"చెల్లెమ్మా, పొద్దున్నే అన్న నన్ను గంట నడిపించేది ఎందుకనుకున్నావు? మారు పెట్టని ఇల్లు దొరికింది, ఇంక రోజూ ఇక్కడికే వస్తా" అని నవ్వాడాయన.

ఆయన వెళ్ళాక ఆవిడ ఏడ్చింది. "ఇంటికొచ్చిన మనిషికి లేదని చెప్పించారు నాతో" అంది. నాకూ బాధేసింది. చూపు లేకుండా డబ్బా తడుముకునే అమ్మ కళ్ళముందు కనిపించింది. గుప్పెడు మళ్ళీ మొదలవుతుందనే అనుకున్నాను, కాదనే ధైర్యం కూడా నాకు లేదు.

మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ డబ్బాతో కొలిచి పోసింది. చెయ్యి అలవాటు ప్రకారం మళ్ళీ బియ్యంలోకి వెళ్ళింది. గుప్పెడు పట్టుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత నెమ్మదిగా వేళ్ళు విప్పింది.

"మరి ఎవరైనా వస్తే?" ఈసారి అడిగింది నేను.

"నిన్నట్లాగే నా పళ్ళెంలోది పెడతా."

"నాది కూడా" అన్నాను. ఆవిడ మూత పెట్టేసింది.

నెల తర్వాత పరీక్షకి వెళ్ళాం. ల్యాబ్‌లో అమ్మాయి మా ఆవిడ చేతికి రబ్బరు పట్టీ కట్టి, దూదితో తుడిచి, సూది తీసింది. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని, సూది మొన చర్మంలోకి దిగడం, ఎర్రగా రక్తం గొట్టంలోకి రావడం, సూది బయటికి రావడం మొత్తం చూశాను. కళ్ళెత్తితే మా ఆవిడ సూదివంక కాదు, నావంక చూస్తోంది.

సాయంత్రం కాగితం వచ్చింది. తగ్గింది. బోర్డర్ మీదే ఉంది గానీ తగ్గింది. మాత్ర ఇప్పట్లో అక్కర్లేదన్నాడు డాక్టరుగారు. ఆటోలో ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంటూ మా ఆవిడ అంది:

"తగ్గిందిలెండి. అయినా మీరు చూడటం నేర్చుకున్నారు. ఇక నాకు భయం లేదు."