నేనుంట గద అత్తా

పోయిన వారం పొద్దున్నే రామన్నపేట నుంచి కబురు వచ్చింది. మా పెద్ద యారాలు, అంటే మా బావ భార్య, నిద్రలోనే కన్నుమూసిందని. కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నేను ఆమెను అక్కా అనే పిలిచాను. నిండు ముసలితనంలో పోయింది, ఏడవాల్సిన చావు కాదన్నారు అందరూ. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఆ ముసలితనాన్ని ఆమె పట్టుబట్టి సంపాదించుకుంది. ఎట్లా సంపాదించుకుందో చూసినవాళ్ళలో ఇప్పుడు నేనే మిగిలాను.

మాది మగ్గాల ఇల్లు. పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను కాపురానికి వచ్చేసరికి అక్కకు ముప్పై దాటాయి. పిల్లలు కలగలేదు. మగ్గానికి నూలు కండెలు చుడుతూనే ఇంటెడు పనీ చేసేది. ఏ సంగతైనా గొంతు తగ్గించకుండా చెప్పడం ఆమె అలవాటు. ముట్టు మాటైనా సరే. అత్త కసురుకుంటే, "మనం సిగ్గువడితె రోగం సిగ్గువడదత్తా" అనేది.

అప్పటికే ఆమెను రోగం పట్టుకుంది. ముట్టు ఆగక నెలలో సగం రోజులు బయట అరుగు మీదే ఉండేది. బట్ట నేసే ఇంట్లో ఆమెకు పాతగుడ్డలు చాలేవి కావు. ముఖం పాలిపోయింది. మాటిమాటికీ ఒంటికి పోవాల్సి వచ్చేది. మెల్లగా పొత్తికడుపు ఎత్తుగా కనబడసాగింది.

కడుపు చూసి అత్త సంబరపడింది. ఇన్నేళ్ళకు దేవుడు కండ్లు తెరిచాడని వాడంతా చెప్పి వచ్చింది.

"కడుపైతె ప్రతి నెలా గింత నెత్తురెందుకు పోతదత్తా? లోపల కదులుడు గూడ లేదు" అంది అక్క.

నెలలు గడిచాయి. అక్క చెప్పిందే నిజమని తేలాక, అత్త అది గాలి సోకుడని తాయెత్తు తెచ్చింది. అక్క కాదనలేదు. "తాయెత్తు కట్టుకుంట. దవాఖానకు గూడ పోత" అంది. ఆ వారంలోనే బావి దగ్గర బిందె ఎత్తబోయి కూలబడింది. లేచి కూర్చోగానే నా వైపు చూసి, "రేపు నల్లగొండకు పోదం చెల్లె, నువ్వు రా" అంది.

నల్లగొండ దవాఖానలో లేడీ డాక్టరు లోపలా బయటా చేత్తో తడిమి చూసింది. "ఇది గర్భం కాదు. గర్భసంచి గోడలో కండగడ్డలు పెరిగాయి. క్యాన్సర్ లాగా అనిపించడం లేదు. తీసి పరీక్ష చేస్తేనే గట్టిగా చెప్పగలం" అంది.

"నేనేం తప్పు జేసిన్నని పుట్టినయమ్మా?"

"నీ తప్పేమీ లేదు. ఎందుకు పుడతాయో మాకూ పూర్తిగా తెలియదు. పిల్లల్ని కన్నవాళ్ళకూ వస్తాయి, కననివాళ్ళకూ వస్తాయి. ముట్లుడిగాక చాలామందికి వాటంతటవే కుంచించుకుపోతాయి."

"అప్పటిదాక నేనుంటనా?"

డాక్టరు అక్క కింది రెప్ప లాగి మరోసారి చూసింది. "ఇంత రక్తం పోతుంటే ఆగడం మంచిది కాదు. పట్నం పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయించుకో."

గడ్డలు మాత్రం తీసి సంచి ఉంచరాదా అని అడిగింది అక్క. కొందరికి అట్లా చేస్తారని, ఈమెకు గడ్డలు చాలా ఉన్నాయి కాబట్టి ఆశ పెట్టుకోవద్దని డాక్టరు దాచకుండా చెప్పింది.

తిరుగు బస్సులో అక్క నేను వెంట తెచ్చిన నా చంటిబిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. బిడ్డ తల నిమురుతూ, "పిల్లలు గావాలని నాకు లేదనుకోకు చెల్లె. గని ముందుగాల నేను బతకాలె" అంది.

ఇంట్లో అత్త నెత్తి బాదుకుంది. "సంచి తీసేస్తె ఆడిదాంట్ల ఇగ ఏముంటది?"

"నేనుంట గద అత్తా."

మగ్గం గుంతలో కూర్చొని వింటున్న బావ, నూలు పోగుల మధ్య ఆడించే నాడెను పక్కన పెట్టి పైకి వచ్చాడు. అతి తక్కువ మాట్లాడే మనిషి. "రేపు పొద్దుగాల బస్సుకు పోతమమ్మా" అని లోపలికి వెళ్ళి బట్టలు సర్దాడు.

పట్నంలో ఆపరేషన్‌కు నెత్తురు కావాలన్నారు. నెత్తురిస్తే మగవాడి సత్తువ పోయి మళ్ళీ మగ్గం ఎక్కలేడని మా వాడలో భయం. బావ ఇచ్చాడు, నా పెనిమిటీ ఇచ్చాడు. సంచి తీయక తప్పలేదు. గడ్డల్లో చెడ్డరోగం లేదని పరీక్షలో తేలింది.

ఇంటికి వచ్చాక అక్క చాలా రోజులు బరువు ఎత్తలేదు. గోడ వైపు తిరిగి పడుకున్న రోజులూ ఉన్నాయి. నేను పక్కన కూర్చునేదాన్ని. నెత్తురు పట్టాలని అత్త తోటకూర, మేక కార్జం వండి కంచం ముందు పెట్టేది. మెల్లగా అక్క పెదవులకు ఎరుపు తిరిగింది. ఒకనాడు తనే లేచి రాట్నం ముందు కూర్చుంది.

ఆ తర్వాత వాడలో ఏ ఆడమనిషి నీరసంగా కనబడినా, "ఎన్ని రోజులైతాంది? నెత్తురు గడ్డలు గడ్డలుగ పోతాందా?" అని నడివీధిలోనే అడిగేది. తిట్టుకున్నవాళ్ళే మరునాడు దొడ్డిదారిన వచ్చేవారు.

కొన్నేళ్ళకు కేతేపల్లిలో ఇచ్చిన మా ఆడబిడ్డ అదే బాధతో పుట్టింటికి వచ్చింది. దవాఖానలో చూసి, ఆమెకు గడ్డలు చిన్నవేనని, కోత అక్కర్లేదని, రక్తం పట్టే గోలీలు వేసుకుంటూ అప్పుడప్పుడు చూపించుకుంటే చాలని చెప్పి పంపారు. ఆమె గండం అట్లా గడిచింది. నాకు మాత్రం ఆమెను తీసుకొని అక్క దవాఖానకు బయల్దేరిన పొద్దే కండ్లకు కట్టినట్టుంది. బస్సు దాకా మా అత్త కూడా వచ్చింది. తన బిడ్డ భుజం పట్టుకొని, "మీ వదినె ఎట్ల చెప్తె అట్ల విను" అంది.

బస్సు కదిలింది. అక్క కిటికీలోంచి చేయి చాపి, ఇంటికి పొమ్మని అత్తకు సైగ చేసింది. ఎర్రటి దుమ్ము లేచి బస్సును కప్పేసింది. ఆ దుమ్ములో అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కదలకుండా అట్లాగే నిలబడింది.