చీర కట్టుకున్న మనిషి

విజయవాడ స్టేషన్ బయట కారెక్కిన ఏ మనిషైనా మొదట అడిగేది ఒకటే, "ఇక్కడ చూడ్డానికి ఏమున్నాయండీ?" అని. భావనారాయణ ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నాడు. చెప్పీ చెప్పీ ఆ జవాబులో ఉప్పూ కారం పోయాయి. అమ్మవారి కొండ, బ్యారేజీ, ఉండవల్లి గుహలు, భవానీ ద్వీపం, కొండపల్లి బొమ్మలు, మంగళగిరి చీరలు. వరస మారదు. మధ్యలో ఎవరైనా ఆపి వేరే మాట అడిగితే, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలాగా మళ్ళీ మొదటి నుంచి అందుకోవాల్సిందే.

పోనీ అడిగినవాళ్ళు వింటారా అంటే అదీ లేదు. కొండ మీదికి తెల్లవారక ముందే వెళ్దామండీ, ఎండెక్కాక అరికాళ్ళు కాలిపోతాయి అంటే, తాపీగా పదింటికి హోటల్ దిగుతారు. ఉండవల్లిలో పడుకున్న స్వామిని చూసి పరిగెత్తకండి, ఆ వసారాలో కాసేపు కూర్చుంటే పచ్చటి పొలాలన్నీ కనిపిస్తాయి అంటే, రెండు ఫొటోలు తీసుకుని ఐదు నిమిషాల్లో తిరిగొస్తారు. ఆటోనగర్‌లో మెకానిక్కులు తినే మెస్సు ఉంది, ఉలవచారులో మీగడ వేసి పెడతారు, ఒకసారి తిని చూడండి అంటే ఫోన్ తీసి వెతుకుతారు. "దీనికి రేటింగ్ లేదండీ" అంటారు. పొద్దున్నుంచి లారీ కింద పడుకుని లేచొచ్చిన మెకానిక్కు అన్నం తింటాడా, రేటింగ్ రాస్తాడా? భావనారాయణ ఈ మాట పైకి అనడు. పార్టీ ఎటు పొమ్మంటే అటే తిప్పుతాడు.

అతనిది మంగళగిరిలో నేతపనివాళ్ళ ఇల్లు. ముప్పై రెండో ఏడు దాకా తండ్రి పక్కనే మగ్గంలో కూర్చున్నాడు. ఆ రోజుల్లో నూలు వాళ్ళదే, చీరా వాళ్ళదే. గుమ్మంలోకి వచ్చి అడిగినవాళ్ళకు తండ్రి చాప పరిచి చూపించి అమ్మేవాడు. నూలు ధర అందకుండా పోయాక, తండ్రీ పోయాక, అతను డ్రైవింగ్ నేర్చుకున్నాడు. భార్య వెంకటరావమ్మ మాత్రం షావుకారు ఇచ్చిన నూలుతో నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చునే అదే గుంటమగ్గం మీద నేస్తూ ఉండిపోయింది. నిలువు దారాల పడుగు షావుకారుది, అడ్డ దారాల పేక షావుకారుది, జరీ షావుకారుది. ఆమెవి కాళ్ళూ చేతులూ కళ్ళూ. నేసిన చీర షావుకారుకు అప్పజెప్పి కూలి తెచ్చుకుంటుంది. ఊరంతా నడిచే పద్ధతే ఇది, కొత్తేం కాదు.

ముప్పై నాలుగేళ్ళు నేసింది. తను మాత్రం బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొన్న సిల్కులాంటి పూల చీరలే కట్టుకుంటుంది. ఉతికితే తొందరగా ఆరతాయి మరి. ఈ వేసవిలో ఆమె మోకాళ్ళు మొరాయించాయి. గుంటలోకి దిగితే ఎక్కలేకపోతోంది. డాక్టరు ఇక దిగొద్దని ఖండితంగా చెప్పేశాడు. ఈ ఒక్క పడుగూ పూర్తిచేసి గుంట పూడ్పించేద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఒకసారి మగ్గానికెక్కించిన పడుగుకు ఆరు చీరలు. నాలుగోది షావుకారుకు ఇచ్చి వచ్చిన రోజు, అన్నం వడ్డిస్తూ ఆమె ఒక మాట అడిగింది.

"ఏవండీ, మీరు ఊళ్ళవాళ్ళందర్నీ ఎక్కించుకు తిరుగుతారు కదా. ఒక్క ఆడమనిషిని మనింటికి తీసుకురండి."

"ఎందుకే?"

"నేను నేసిన చీర కట్టుకున్న మనిషిని ఇంతవరకూ చూళ్ళేదండీ. రోడ్డు మీద మంగళగిరి చీరలు బోలెడు కనిపిస్తాయి. నాదో కాదో ఎట్టా తెలుస్తుంది? పోయి పట్టుకు చూస్తే బాగోదు. గుంట పూడ్చేలోపు ఒక్కసారి చూడాలని ఉంది."

అన్నేళ్ళ కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "సరేలే, తీసుకొస్తా" అన్నాడు. అన్నాడే గాని తీసుకురాలేదు. ఒక పార్టీకి రైలు టైమైంది. ఇంకో పార్టీతో ముసలాయన ఉన్నాడు, సందులో నడవలేడు. నిజం చెప్పాలంటే అవన్నీ సాకులు. హైవే మీద పెద్ద షోరూముంది. అక్కడ ఆపితే వాళ్ళకు ఏసీ, తనకు షోరూమువాళ్ళు పెట్టే భోజనం, కాసేపు వెనక్కి వాలి కళ్ళు మూసుకునే వీలు. అలిసిపోయినవాడికి అలవాటైన దారే దగ్గర. అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. ఐదో చీర కూడా మగ్గం దిగింది.

ఆ మర్నాడు ఎక్కింది సింధూరి. నలభై దాటి ఉంటాయి. ఖరగ్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం. తాతల కాలంలో రైల్వే పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళట. విజయవాడలో ఏదో ట్రైనింగు ముగిసింది, సాయంత్రం రైలు. పగలంతా ఊరు చూడాలంది. ఫోన్‌లో జాబితా ఉంది, పది చోట్లు. భావనారాయణ నిట్టూర్చి బండి తీశాడు.

కాని ఈవిడ వింది. తెల్లవారుజామున కొండెక్కమంటే ఎక్కింది. నేతి ఇడ్లీకి కారప్పొడి అద్దుకుని కళ్ళలో నీళ్ళు కారుతుంటే నవ్వుతూ తింది. ఉండవల్లిలో అరగంట కూర్చుంది. వచ్చి కారెక్కి, "అంకుల్, చీర మాత్రం షాపులో వద్దు. నేసేవాళ్ళ ఇంట్లోనే కొనాలి. అట్లా దొరుకుతాదా?" అంది.

"మా ఇంట్లోనే నేస్తారమ్మా. రండి, మగ్గం దగ్గరే కొనుక్కుందురుగాని" అన్నాడు భావనారాయణ.

షోరూము ముందు బండి ఆపబోతూ ప్రతి పార్టీకీ చెప్పే మాటే అది, మా ఇంట్లోనూ నేస్తారు, ఇక్కడ కొంటే మగ్గం దగ్గర కొన్నట్టేనండీ అని. ఇరవై ఆరేళ్ళు అరిగిన మాట దానంతటదే వచ్చేసింది. మాట వెనక ఉన్నది తండ్రి కాలం నాటి ఇల్లు. ఆ ఇంట్లో ఇప్పుడు అమ్మడానికి తమదంటూ ఒక్క చీర లేదన్న సంగతి అతనికి ఆ క్షణాన తట్టనే లేదు.

ఒకావిడ వస్తోందని అతను ఫోన్ చేయగానే వెంకటరావమ్మ ఇల్లు ఊడ్చింది, సందు దాకా నీళ్ళు చల్లింది. తల దువ్వుకుని గుమ్మంలో నిలబడింది. సింధూరి చెప్పులు విప్పి లోపలికొచ్చి, మగ్గాన్నీ గుంటనూ వంగి వంగి చూసింది. తెల్లగుడ్డలో చుట్టి పెట్టిన ఐదో చీర వెంకటరావమ్మ విప్పి చూపించింది. వంకాయ రంగు, సన్నటి జరీ అంచు.

"అయ్యో, ఎంత బాగుందో! ఎంత ఇవ్వాలి ఆంటీ?" అంటూ సింధూరి పర్సు తెరిచింది.

వెంకటరావమ్మ మొగుడి వంక చూసింది. ఆ చూపుతో భావనారాయణకు అంతా తెలిసింది. చెవులు వేడెక్కాయి.

"ఇది మాది కాదమ్మా, షావుకారిది. నేయడం వరకే నాది" అంది ఆమె మెల్లగా.

అతను బయటికి వెళ్ళి షావుకారుకు ఫోన్ చేసి బతిమాలాడు. షావుకారు మంచిగానే చెప్పాడు. ఆరు చీరలూ ఒకే చోటి ఆర్డరు, ఒక్కటి తగ్గినా కుదరదు, పైగా ఇవాళ నీ ఇంట్లో ఒకటి అమ్మితే రేపు నలభై ఇళ్ళవాళ్ళూ అమ్ముతారు భావనారాయణా అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు.

"ముందే చెప్పాలి కదా అంకుల్. ఇంత దూరం తెచ్చి..." సింధూరి మాట మధ్యలో ఆపేసింది. ఆమె ఆపేసినందుకు అతనికి ఇంకా సిగ్గేసింది. వయసొచ్చాక ఇలాంటి మాట పడటం ఒళ్ళంతా అలుపు తెస్తుంది. చేతనైతే అక్కడే గోడకు చేరగిలబడి కూర్చునేవాడు.

వెంకటరావమ్మ మాత్రం చీర మడత మీద చెయ్యి తీయలేదు.

"కొనొద్దులేమ్మా. ఒకసారి కట్టుకుంటావా?"

"ఒసే, మడత పోతుందే! గంజి మడత విప్పితే షావుకారు ఇట్టే కనిపెడతాడు. ఊరుకోడు" అన్నాడు భావనారాయణ.

"ఊరుకోకపోతే ఏం చేస్తాడండీ? ఇంకో పడుగు ఇవ్వడు. అంతేగా?"

 ఆమె ఫెళఫెళలాడే చీరను బారుగా విప్పింది. సింధూరి చుడీదారు మీదే కట్టింది. తనే కుచ్చిళ్ళు పోసింది, తనే పవిట సర్దింది. మోకాళ్ళ నొప్పి మర్చిపోయి ఒంగి అడుగున అంచు సమం చేసింది. తర్వాత గుమ్మం దాకా వెనక్కి వెళ్ళి నిలబడింది. "అట్టా సందు చివరి దాకా నడిచి రామ్మా" అంది.

సింధూరి నడిచింది. ఎదురింటావిడ తొంగి చూసింది. వెంకటరావమ్మ చూపు నడిచే మనిషి మీద నుంచి కదల్లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆ కాసేపు చూడటం పోతుందన్నట్టు.  ఇంత చిన్న కోరికకు పద్దెనిమిది రోజులు సాకులు చెప్పానే అని భావనారాయణ తనను తాను తిట్టుకున్నాడు.

సింధూరి తిరిగొచ్చేసరికి ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. "నడుస్తుంటే కాళ్ళకు అడ్డం పడుతోందా? కుచ్చిళ్ళు నిలబడ్డాయా, జారుతున్నాయా? బరువుందా? నిజం చెప్పమ్మా, నేనేమీ అనుకోను."

సింధూరి భుజం కదిపి చూసుకుంది. "చాలా బాగుంది ఆంటీ. ఇక్కడ భుజం మీద అంచు కొంచెం గట్టిగా ఉంది. మెడ దగ్గర ఒత్తుకుంటాంది."

"గట్టిగా ఉందా?" వెంకటరావమ్మ ఆ చోట వేలితో తడిమింది. "ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదే" అంది.

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చీర మడిచారు. ఎంత జాగ్రత్తగా మడిచినా పాత మడత రాలేదు. వెళ్ళేటప్పుడు సింధూరి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. దారిలో ఒక దుకాణంలో డ్రెస్సు గుడ్డ కొనుక్కుని రైలెక్కింది.

దీపాలు పెట్టే వేళకు భావనారాయణ ఇంటికొచ్చాడు. వెంకటరావమ్మ గుంటలోనే ఉంది. మగ్గం మీద ఆరో చీర ఇంకా మూరెడే నడిచింది. ఆమె ఓ నాలుగు పోగులు నేయడం, ఆగి అంచు వేళ్ళతో నలిపి చూడటం, మళ్ళీ నేయడం చేస్తోంది. మగ్గం చప్పుడు అతనికి కొత్తగా వినిపించింది. దెబ్బ తేలిగ్గా పడుతోంది.

"ఏం చేస్తన్నావే?"

"అంచు దగ్గర పేక లాగుడు తగ్గిస్తన్నానండీ. భుజం మీద ఒత్తుకుంటోందందిగా ఆ పిల్ల."

"ఇంక ఈ ఒక్క చీరేగా. ఇప్పుడు దిద్దుకుని ఏం లాభమే?"

"కట్టుకునే ఆవిడకు ఇది నా ఆఖరి చీరైతేనేంటండీ, మొదటిదైతేనేంటి? భుజం భుజమేగా" అంది వెంకటరావమ్మ, తలెత్తకుండానే.