ఇద్దరు నడిపోళ్ళు

పదో తరగతి పరీక్షలో నాకు తెలిసిన జవాబు నా హాల్ టికెట్ నంబరు ఒక్కటే. అదీ అలవాటు కొద్దీ పక్కవాణ్ణి చూసి రాయడంతో వాడిదే పడింది. చదువు అంతటితో నాకు దండం పెట్టేసింది. అటువంటి నాతో మొన్న మేనకోడలు, తన ఆఫీసులో వందలకొద్దీ సర్వర్లున్నాయనీ, ఒక్కొక్కటి మొదలవుతూనే ఇంకెవరికీ లేని నంబరు దానంతటదే తెచ్చుకుంటుందనీ ఫోనులో చెబుతుంటే, మార్కాపురంలో పలకల షెడ్డు పక్కన మా తమ్ముడు అద్దెకు తీసుకున్న గదీ, అందులోని ఉక్కా గుర్తుకొచ్చాయి.

తమ్ముడంటే మా చిన్నమ్మ కొడుకు. ఇంజనీరింగు చదివి, కోచింగ్ సెంటర్లకు ఆన్‌లైన్ పరీక్షలు నడిపిపెట్టే పని మొదలుపెట్టాడు. కరెంటు తీగలు, ఫ్యాన్లు, ఫోన్లు, కబుర్లు నా శాఖ. గదిలో మూడు సర్వర్లు, వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్ అని ఇంకో పెట్టె. పెళ్ళి భోజనాల దగ్గర ఏ బంతిలో ఖాళీ ఉంటే అక్కడ జనాన్ని కూర్చోబెట్టే పెద్దమనిషి పని దానిది. పరీక్ష రాసే ప్రతి పిల్లకూ ఒక సర్వరు పేరు చీటీలాగా అంటగట్టి, ఆ పిల్ల ఎన్నిసార్లు పేజీ తిప్పినా ఆ పేరున్నదాని దగ్గరికే పంపేది. అందుకని ప్రతి సర్వరుకూ ఒక పేరుండాలి. టెంకాయ కొట్టి, కుంకుమ అద్ది ఆ పేర్లు పెట్టింది చిన్నమ్మే: పెద్దోడు, నడిపోడు, చిన్నోడు.

ఒక ఎండాకాలం నడిపోడు మాడిపోయాడు. రిపేరుకని హైదరాబాదు పంపించాం గానీ, ఆశ వదులుకొని కొత్తదాన్ని తెచ్చాం. మా ఇళ్ళలో తాత పోతే తర్వాత పుట్టిన మనవడికి ఆయన పేరే పెడతాం గదా, అట్లాగే పోయినవాడి పేరే కొత్తవాడికి పెట్టాలంది చిన్నమ్మ. తమ్ముడికీ సబబుగానే తోచి, సర్వరు లోపల కూడా నడిపోడనే రాశాడు. తీరా పెద్ద పరీక్ష ముందురోజు పాతవాడు బాగుపడి బస్సులో దిగాడు. పిల్లలు ఎక్కువమంది రాస్తారు, సాయంగా ఉంటాడులే అని ఆ సంబరంలో వాణ్ణీ తగిలించాం. పేరు సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

అది ఆషామాషీ పరీక్ష కాదు. పైన నిలిచినవాళ్ళకు ఉచితంగా సీటు, హాస్టలు. మొన్న ఫోను చేసిన ఈ మేనకోడలే, మా అక్క కూతురు, అప్పుడు యర్రగొండపాలెం నెట్ సెంటర్లో కూర్చుని రాస్తోంది. సీటు రాకపోతే చదువు చాలించి గొర్రెల వెంట పోవాల్సిందేనని వాళ్ళ నాయన తేల్చి చెప్పాడు.

సగం సమయం గడిచిందో లేదో, నెట్ సెంటరాయన ఫోనులోంచి ఆ పిల్ల గొంతు.

“మామా, రాసినయ్యన్నీ పోయినయ్! పేజీ తిప్పితే ఖాళీ వస్తాంది. ఇంకోసారి తిప్పితే మళ్ళా ఉంటన్నయ్. ఇదేందో నాకు తెలీటం ల్యా.”

ఆ వెంటనే గిద్దలూరు నుంచీ, తర్లుపాడు నుంచీ అదే మాట. తమ్ముడు తెర చూసి తెల్లబోయాడు. ఒకే పేరుతో ఇద్దరుండేసరికి, పెద్దమనిషి ఒకసారి ఈ నడిపోడి దగ్గరికీ, ఒకసారి ఆ నడిపోడి దగ్గరికీ పంపుతున్నాడు. పిల్లల జవాబులు సగం ఇక్కడ, సగం అక్కడ. నా చెయ్యి పాతవాడి ప్లగ్గు మీదికి పోయింది.

“తియ్యబాకన్నా! తీస్తే వాడికాడ ఉండే సగం పాయె!” అని కేకేశాడు తమ్ముడు.

పరీక్ష గడువు పెంచడం మా చేతిలో లేదు. ముందు పాతవాడి దగ్గరున్న జవాబులన్నీ కొత్తవాడిలోకి చేర్చాలి, ఆ తర్వాతే పాతవాడికి వేరే పేరు; అంతదాకా ఎవరూ పేజీ తిప్పకూడదు. ఆ మాట అన్ని సెంటర్లకూ చెప్పి, తమ్ముడు మీటలు నొక్కుతుంటే, నేను ఫోనులో ఏడుస్తున్న పిల్లను పట్టుకుని కూర్చున్నాను.

“చేతులు కట్టుకోని కూకో అమ్మా. నేను బళ్ళో అట్ల కూకోనే ఇంతోణ్ణైనా.”

“నువ్వు ఎంతోడివైనావో తెలుసు గానీ, తొందరగా కానీ మామా!”

చివరికి తమ్ముడు పాతవాడికి కడగొట్టోడని పేరు మార్చి, ఇప్పుడు తిప్పమను అన్నాడు. అవతల ఆ పిల్ల ఒక్కొక్క పేజీ తిప్పి చూసుకుంది. తర్వాత, “అన్నీ ఉన్నయ్ మామా,” అని ఫోను పెట్టేసింది. మిగిలిన ప్రశ్నలు ఉరుకులు పరుగుల మీద రాసి, సీటు తెచ్చుకుంది.

ఇప్పుడా పిల్ల సర్వర్లకు ఎవరూ పేరు పెట్టనక్కరలేదు. పోయినదాని నంబరు ఇంకొకదానికి రాదు. మంచిదే. అయినా ఒకటి ఆగిపోతే అయ్యో వీడేమైనాడని అనుకునే మనిషి లేని ఆ గదులను తలచుకుంటే, నాకెందుకో వెలితిగా ఉంటుంది.

ఆ పరీక్ష రోజు సాయంత్రం భయమంతా దిగాక, నీ పేర్ల పిచ్చితో పిల్లల కొంప ముంచబోయావు గదా అని చిన్నమ్మను ఆటపట్టించాను. ఆమె టీ గ్లాసు నా ముందు ఠంగుమని పెట్టింది.

“పోయినోడి పేరే పెట్టినా నాయనా. బతికుండేవోణ్ణి పోయినాడని నాకు చెప్పిందెవురు?”